చిన్న తెర మీద పెద్ద బాలశిక్ష



ఈ వ్యాసం ఒక చిన్న పొరపాటుతో మొదలవుతుంది. ఆ పొరపాటు మాదే కాబట్టి దాచుకోకుండా చెబుతున్నాం.

ఒక ఏడాది నాగుల చవితికి ముందు మా బడి వెబ్ పేజీలో కొన్ని కథల పేర్లు పెట్టి, "వచ్చే వారం ఏ కథ చెప్పమంటారో ఎంచుకుని రండి" అని పిల్లలకు చెప్పాం. వాటిలో ఒక కథ పేరు "పుట్టలో పాలు". తరగతిలో అడిగితే ఒక చిన్న పాప లేచి, "పుటలో పాలు పోస్తే పుస్తకం తడిసిపోదా టీచర్?" అంది. అందరం నవ్వాం. "ఒత్తు చూసి చదవాలమ్మా" అని బుజ్జగించి కూర్చోబెట్టాం.

తరగతి అయిపోయాక వాళ్ళమ్మ తన ఫోను తెచ్చి చూపించారు. మా నవ్వు ఆగిపోయింది. ఆ ఫోనులో కథ పేరు ఉన్న పెట్టె అడుగు అంచు, 'ట' కింద ఉండాల్సిన ఒత్తును పూర్తిగా కోసేసింది. తెర మీద ఉన్నది నిజంగానే "పుటలో పాలు". పాప ఉన్నది ఉన్నట్టు చదివింది. తప్పు మా పేజీది.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, మాలో కొందరం పగలంతా ఆఫీసుల్లో ఇలాంటి పేజీలు తయారు చేసేవాళ్ళమే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేము రచ్చ గెలిచి ఇంట ఓడిపోయాం. అప్పటి నుంచి నేర్చుకున్నది నలుగురితో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. వెబ్ పేజీ ఏ ఫోనులోనైనా సరిగ్గా కనిపించాలంటే ఏం చేయాలి? తెలుగు పేజీకి ఇంకా ఏం చేయాలి? తెలుసుకుందాం.

పిల్లలకు ఫోను తెర ఎందుకు ముఖ్యం?

సింగపూరు బడుల్లో మాతృభాష పాఠంగా మన పిల్లలు తమిళం చదవవచ్చు. తమిళం కాకుండా హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ అనే ఐదు భారతీయ భాషలకు కూడా అవకాశం ఉంది. ఆ జాబితాలో తెలుగు లేదు. కాబట్టి మన పిల్లల్లో చాలామంది బడిలో ఇంగ్లీషుతో పాటు హిందీయో తమిళమో చదువుకుంటారు. తెలుగు అక్షరం పద్ధతిగా కంటపడేది వారాంతపు తరగతిలోనే. మిగతా రోజుల్లో వీధి బోర్డుల మీద, బస్సుల మీద, దుకాణాల మీద తెలుగు కనిపించే ఊరు కాదు ఇది. అమ్మ ఫోనులోనో నాన్న ఫోనులోనో, ఎమ్మార్టీలో కూర్చున్నప్పుడు చూసే ఆ చిన్న తెర మీదే కనిపించాలి.

పెద్దవాళ్ళం సగం అక్షరం కనిపించినా ఊహించి చదివేస్తాం. చిన్నప్పటి నుంచి వేల సార్లు చూసిన మాటలు కదా! అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు ఆ సౌకర్యం లేదు. వాళ్ళు ఉన్నదే చదువుతారు. ఒత్తు తెగితే వాళ్ళకు మాటే మారిపోతుంది. గడ్డి గడి అవుతుంది, కల్ల కల అవుతుంది. పైగా "నాకు తెలుగు సరిగ్గా రాదు" అని తమను తామే నిందించుకుంటారు. యంత్రం చేసిన తప్పుకు పసివాళ్ళు మాట పడకూడదు.

కుట్టిన చొక్కా, కట్టుకునే చీర

అచ్చు పుస్తకానికి కొలత ఒక్కటే. పెద్ద బాలశిక్ష ఒక ప్రతి ఎవరి చేతిలో ఉన్నా, ఆ పుటలో ఏ వరుస ఎక్కడ ముగిసిందో అక్కడే ముగుస్తుంది. వెబ్ పేజీ అలా కాదు. అదే పేజీని ఒకరు గది గోడంత టీవీలో, ఒకరు ల్యాప్‌టాప్‌లో, ఒకరు అరచేతిలో ఇమిడే ఫోనులో చూస్తారు. ఫోనును అడ్డం తిప్పితే కొలత మళ్ళీ మారుతుంది.

కుట్టిన చొక్కా ఒకరికే సరిపోతుంది. చీర అలా కాదు. అదే ఐదున్నర మీటర్ల బట్ట సన్నగా ఉన్నవారికీ, కాస్త లావుగా ఉన్నవారికీ సరిపోతుంది. కుచ్చిళ్ళు ఎక్కువ తక్కువలు చేసుకుంటే చాలు. పాత వెబ్ పేజీలు కుట్టిన చొక్కాలు. ఇప్పుడు మనకు కావలసినవి చీరల్లాంటి పేజీలు. తెర వెడల్పును బట్టి తనను తాను సర్దుకునే ఈ పద్ధతినే రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అంటారు. మన మాటల్లో "ఒదిగే పేజీ" అనుకోవచ్చు.

ఇక్కడిదాకా ఎలా వచ్చాం?

2007లో మొదటి ఐఫోను వచ్చినప్పుడు దాని తెర వెడల్పు 320 పిక్సెళ్ళు, ఎత్తు 480. పిక్సెల్ అంటే తెర మీద బొమ్మను కూర్చే చిన్న చుక్క. అప్పటి వెబ్ పేజీలన్నీ కంప్యూటరు కోసం చేసినవి. అందుకని ఆ ఫోను ఒక ఉపాయం చేసింది. తన తెర 980 పిక్సెళ్ళ వెడల్పు ఉన్నట్టు నటించి, పేజీ మొత్తాన్ని అందులో పరిచి, తర్వాత కుదించి చూపించేది. పేజీ అంతా కనిపించేది గానీ అక్షరాలు ఆవగింజల్లా ఉండేవి. రెండు వేళ్ళతో సాగదీసి, పక్కకు జరుపుకుంటూ చదివేవాళ్ళం.

కొన్ని సంస్థలు కంప్యూటరుకు ఒక పేజీ, ఫోనుకు ఇంకొక పేజీ చేశాయి. ఒకే ఇంటికి రెండు వంటలన్నమాట. ఒకదాంట్లో మార్చిన సమాచారం రెండోదాంట్లో మార్చడం మరచిపోయేవారు. 2010 మే నెలలో ఈతన్ మార్కాట్ అనే అమెరికన్ డిజైనరు 'ఎ లిస్ట్ అపార్ట్' అనే పత్రికలో ఒక వ్యాసం రాసి, ఒకే పేజీ అన్ని తెరలకూ ఒదగవచ్చని చూపించి, ఈ పద్ధతికి పేరు పెట్టారు. 2011 సెప్టెంబరులో బోస్టన్ గ్లోబ్ పత్రిక తన వెబ్‌సైటును ఈ పద్ధతిలో విడుదల చేసింది. అంత పెద్ద వార్తాపత్రికే చేయగలిగితే మనమూ చేయవచ్చు అన్న ధైర్యం అందరికీ వచ్చింది. 2015 ఏప్రిల్ 21 నుంచి గూగుల్, ఫోనులో వెతికేవారికి ఫోనుకు ఒదిగే పేజీలను ముందు చూపించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇక ఎవరూ దీన్ని పట్టించుకోకుండా ఉండలేకపోయారు.

మూడు సూత్రాలు, ఒక తాళంచెవి

మార్కాట్ చెప్పిన సూత్రాలు మూడు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి.

1. కొలతలు శాతాల్లో ఉండాలి. 960 పిక్సెళ్ళ పేజీలో ఒక గడి 240 పిక్సెళ్ళు ఉందనుకోండి. 240ని 960తో భాగిస్తే పావు వంతు, అంటే 25 శాతం. "240 పిక్సెళ్ళు" అని రాయకుండా "25 శాతం" అని రాస్తే, 320 పిక్సెళ్ళ ఫోనులో ఆ గడి దానంతట అదే 80 పిక్సెళ్ళవుతుంది.

2. బొమ్మలు సాగాలి, కుదించుకోవాలి. బొమ్మ వెడల్పు తన గడి వెడల్పును ఎప్పుడూ మించకూడదు అని ఒక్క వరుసలో చెబితే చాలు. లేకపోతే బొమ్మ తెర దాటి పోయి, పేజీ మొత్తం పక్కకు ఊగుతుంది.

3. తెరను బట్టి నియమం మారాలి. పైన చెప్పిన 80 పిక్సెళ్ళ గడిలో బొమ్మ పట్టవచ్చు. తెలుగు రాత పట్టదు. 18 పిక్సెళ్ళ అక్షరమైతే నాలుగైదు అక్షరాలకే వరుస నిండిపోతుంది. కాబట్టి "తెర ఇంతకంటే సన్నగా ఉంటే గడులన్నీ పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి పెట్టు" అని పేజీకి ముందే చెప్పి ఉంచాలి. ఇలా చెప్పే వాక్యాన్ని మీడియా క్వెరీ అంటారు. 2012 జూన్‌లో ఇది వెబ్ ప్రమాణంగా ఖాయమైంది.

ఈ మూడూ పనిచేయాలంటే ఒక తాళంచెవి కావాలి. ఫోను 980 పిక్సెళ్ళ తెరలా నటిస్తుందని చెప్పాం కదా! "నటించకు, నీ అసలు వెడల్పే తీసుకో" అని పేజీ మొదట్లో ఒక వరుస రాయాలి. దాన్ని వ్యూపోర్ట్ ట్యాగు అంటారు. ఇది మరచిపోతే మిగతా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇదే వరుసలో కొందరు, పేజీని వేళ్ళతో పెద్దది చేసుకోనివ్వకుండా కట్టడి పెడతారు. దయచేసి అలా చేయకండి. తాతయ్యలు, అమ్మమ్మలు చదివేది అలా పెద్దది చేసుకునే.

ఇంకొక సందేహం చాలామందికి వస్తుంది. "నా కొత్త ఫోను తెరలో వెయ్యికి పైగా పిక్సెళ్ళు ఉన్నాయన్నారు, మరి మీరు 320, 360 అంటారేమిటి?" అని. 2010లో వచ్చిన ఐఫోను 4లో అసలు చుక్కలు వెడల్పున 640. కానీ పేజీ లెక్కలో అది 320గానే ఉండేది. రెండు చుక్కల వెడల్పును కలిపి ఒక కొలతగా తీసుకుంది. అక్షరాలు నున్నగా కనిపించడానికి చుక్కలు పెరిగాయి, అరచేయి మాత్రం పెరగలేదు కదా!

తెలుగు అక్షరానికి మేడ, నేలమాళిగ

ఇప్పటిదాకా చెప్పినది ఏ భాషకైనా వర్తిస్తుంది. అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. ఇంగ్లీషు అక్షరాలు దాదాపు ఒకే అంతస్తు ఇళ్ళు. తెలుగు అక్షరానికి పైన మేడ, కింద నేలమాళిగ ఉంటాయి. గుడి, ఏత్వం పైన కూర్చుంటే ఒత్తులు కింద వేలాడతాయి. ఇక్కడ మనం రోజూ చూసే తమిళంలో పుల్లి అక్షరం నెత్తిన ఉంటుంది, ఒత్తు కింద పేర్చే అలవాటు చాలా అరుదు. కాబట్టి ఇంగ్లీషుకో తమిళానికో సరిపోయిన పేజీ తెలుగుకు సరిపోతుందని అనుకోవద్దు. మేము నేర్చుకున్న జాగ్రత్తలు ఇవి.

వరుసల మధ్య చోటు: ఇంగ్లీషు పేజీల్లో మామూలుగా అక్షరం ఎత్తుకు 1.2 రెట్ల చోటు వరుసకు ఇస్తారు. తెలుగుకు అది చాలదు. పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. 1.6 నుంచి 1.8 రెట్లు ఇస్తే కంటికి హాయిగా ఉంటుంది.

పెట్టెకు ఎత్తు బిగించకూడదు: మా పొరపాటు ఇదే. పేరు ఉన్న పెట్టెకు ఇంత ఎత్తు అని గట్టిగా కట్టేసి, మించినది కనిపించకుండా చేశాం. మా ల్యాప్‌టాప్‌లో సరిపోయింది. పాప వాళ్ళమ్మ తన ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకున్నారు. అక్షరం పెరిగింది, పెట్టె పెరగలేదు, ఒత్తు తెగింది. ఇప్పుడు ఎత్తు తీసేసి, పైనా కిందా కాస్త ఖాళీ మాత్రం ఇచ్చాం. అక్షరంతో పాటు పెట్టె కూడా పెరుగుతుంది.

పొడుగు మాటలు: "తెలుసుకోవాలనుకుంటున్నవారందరికీ" అన్నది ఒక్క మాటే. పదిహేను అక్షరాలు! చిన్న ఫోనులో పెద్ద అక్షరాలతో ఇది వరుస దాటిపోతుంది. వరుసలో పట్టని మాటను విరవవచ్చని పేజీకి ముందే అనుమతి ఇవ్వాలి. దానికన్నా మంచి మందు మన చేతిలోనే ఉంది. "తెలుసుకోవాలనుకుంటున్న వారందరికీ" అని విడదీసి రాస్తే సరి. పిల్లలకు చదవడమూ తేలికే.

అక్షరాన్ని తుంచకూడదు: "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. కంప్యూటరుకు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని ఆరు గుర్తులు. యూనికోడ్‌లో యూటీఎఫ్-8 పద్ధతి ప్రకారం ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది బైట్లు. చోటు చాలనప్పుడు "ఇన్ని గుర్తుల తర్వాత కత్తిరించు" అని చెప్పే పేజీలు ఉంటాయి. ఆ కత్తెర రెండో గుర్తు దగ్గర పడితే "స్త్రీ" కాస్తా "స్" అయి కూర్చుంటుంది. గుర్తులు లెక్కపెట్టి కత్తిరించకుండా, పేరును రెండో వరుసలోకి వెళ్ళనివ్వడం మేలు.

రాతను బొమ్మగా పెట్టకూడదు: ఇది మన సంఘాలన్నిటికీ ఉన్న అలవాటు. ఉగాది కరపత్రం అందంగా చేయించి, బొమ్మగా పంపిస్తాం. కాగితం మీద బాగుంటుంది. ఫోనులో కుదించుకుపోయి, తేదీ కోసం భూతద్దం కావలసి వస్తుంది. బొమ్మలోని రాత ఒదగదు, వెతికితే దొరకదు, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు సరిగ్గా అందదు. బొమ్మ పెట్టండి, కానీ తేదీ, వేళ, చోటు మాత్రం పక్కనే మామూలు అక్షరాల్లో రాయండి.

ఫాంటు: ఒకప్పుడు ఒక్కో తెలుగు పత్రికకు ఒక్కో సొంత ఫాంటు ఉండేది. అది దించుకోకపోతే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపించేవి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు 'గౌతమి' ఫాంటు రావడం, యూనికోడ్ వాడకం పెరగడంతో ఆ బాధ తగ్గింది. తొలి తరం స్మార్ట్ ఫోన్లలో చాలావాటిలో తెలుగు చోట ఖాళీ డబ్బాలే ఉండేవి. ఈనాడు నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒత్తులన్నిటి రూపాలూ ఉండాలి కాబట్టి తెలుగు ఫాంటు ఇంగ్లీషు ఫాంటు కన్నా బరువు. ఒక్క పేజీకి నాలుగైదు ఫాంట్లు పెట్టకుండా ఒకటి, మహా అయితే రెండు చాలు. ఆ ఫాంటు దిగేలోగా ఫోనులో ఉన్న తెలుగు అక్షరాలతోనే పేజీ కనిపించేలా చేయాలి.

జ్ఞానం నేర్పిన పాఠం

2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒకే ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను కంగారు పెట్టింది. "జ్ఞా" అన్న అక్షరంలో, 'ఞ'కూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక విడి గుర్తు చేరితే, దాన్ని ఎలా గీయాలో ఫోనుకు తెలియక, ఆ సందేశం తెరిచిన యాప్ కుప్పకూలేది. ఆకతాయిలు దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. ఆపిల్ సంస్థ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. "తెలుగు అక్షరం ఫోను పాడు చేస్తుంది" అని అప్పట్లో వార్తలు వచ్చాయి. అక్షరం ఏ పాపమూ ఎరుగదు. ముందుగా పరీక్షించి చూడకపోవడమే లోపం. కోట్లమంది రాసే భాషకు అంత పెద్ద సంస్థ దగ్గరే ఇలా జరిగిందంటే, మన భాషను మనమే పరీక్షించుకోవాలన్న మాట.

పిల్లలూ, మీరే పరీక్షకులు!

ఈ పరీక్షలకు కంప్యూటరు చదువు అక్కరలేదు. అమ్మానాన్నల పక్కన కూర్చుని చేయండి.

1. కంప్యూటరులో ఏదైనా తెలుగు పేజీ తెరిచి, కిటికీ అంచు పట్టుకుని మెల్లగా సన్నం చేయండి. గడులు ఒకదాని కిందికి ఒకటి వస్తున్నాయా? లేక రాత కుడివైపు దాక్కుంటోందా? 2018లో వచ్చిన వెబ్ సౌలభ్య ప్రమాణాలు, 320 పిక్సెళ్ళ వెడల్పులో కూడా పక్కకు జరపకుండా చదవగలగాలని చెబుతున్నాయి.

2. ఫోనును అడ్డంగా తిప్పండి, మళ్ళీ నిలువుగా తిప్పండి. ఏదైనా మాయమైందా?

3. ఫోను సెట్టింగుల్లో అక్షరాలను బాగా పెద్దవి చేసి చూడండి. పుట్ట, గడ్డి, కల్ల, స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం అన్న మాటలు ఎక్కడైనా కనిపిస్తే వాటి ఒత్తులు పూర్తిగా ఉన్నాయో లేదో చూడండి.

4. బొటనవేలితో నొక్కి చూడండి. ఒకటి నొక్కితే పక్కది తెరుచుకుంటోందా? బొత్తాలు కనీసం 44 పిక్సెళ్ళ పొడవు వెడల్పులు ఉంటే వేలికి సుఖం.

5. చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ ఆదివారం ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి, ఆ పేజీని వాళ్ళ ఫోనులో తెరవమనండి. "ఏం కనిపిస్తోంది, చదివి వినిపించు అమ్మమ్మా" అని అడగండి. మన చేతిలో కొత్త ఫోను ఉండవచ్చు. వాళ్ళ చేతిలో ఉన్నది మూడు చేతులు మారిన పాత ఫోను కావచ్చు. పేజీ అక్కడ కూడా చదవగలిగితేనే అది పాసైనట్టు.

తప్పు కనిపిస్తే ఒక కాగితం మీద రాసుకుని తరగతికి తీసుకురండి. ఏ ఫోను, ఏ పేజీ, ఏ మాట తెగింది అన్న మూడు సంగతులు చాలు. మిగతాది మేము చూసుకుంటాం.

మా పేజీ ఇప్పుడు పూర్తిగా బాగుపడిందని గొప్పలు చెప్పుకోవడం లేదు. కొత్త ఫోన్లు వస్తూనే ఉంటాయి, మడతపెట్టే తెరలు కూడా వచ్చేశాయి. కానీ ఒక అలవాటు మాత్రం చేసుకున్నాం. ఏ పాఠం పెట్టినా, ఇంట్లో ఉన్న అన్నిటికన్నా చిన్న ఫోనులో, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో, తరగతిలో అందరికన్నా చిన్నవారి చేత చదివించి చూసిన తర్వాతే అందరికీ పంపుతున్నాం.

ఆ రోజు ప్రశ్న అడిగిన పాపకు తరువాతి వారం తరగతి ముందే చెప్పాం. "నువ్వు సరిగ్గానే చదివావు తల్లీ, తప్పుగా చూపించింది మేము" అని. ఆ రోజు కథ కూడా తనే ఎంచుకుంది. పుట్టలో పాలు!